పదిమందికి వండేటప్పుడు అందరూ తినగల వంట

(స్త్రీల ఆరోగ్య సదస్సులో మన ఆసుపత్రి నర్సు చేసిన ప్రసంగ పాఠం)



ఆహారం గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఆ మాట వినగానే "సిస్టరమ్మ మళ్లీ ఆకుకూర తినమంటుంది" అని మీలో కొందరు నవ్వుకుంటున్నారు, నాకు కనబడుతూనే ఉంది. ఆకుకూర సంగతి ఎలాగూ వస్తుంది. కానీ ఇంట్లో నలుగురికి చేసుకునే వంట గురించి కాదు నేను చెప్పబోయేది. ప్రేమవిందు, కోత పండుగ, పొదుపు సంఘం మీటింగు, జ్ఞాపకార్థ కూడిక, వైద్య శిబిరం, ఇలాంటివాటికి పెద్ద గిన్నె పొయ్యి మీదికి ఎక్కించి యాభై అరవై మందికి వండుతాము కదా, ఆ వంట గురించి. అందులో నేను చేసిన ఒక పొరపాటుతోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట శ్రమకాల దినాల్లో ఒక పల్లెలో వైద్య శిబిరం పెట్టాము. మధ్యాహ్న భోజనాల బాధ్యత నాది. అరవై మంది వస్తారని లెక్క. పెద్ద గిన్నెడు చికెన్ పలావు చేయించాను. మాంసం తిననివాళ్లకని చిన్న గిన్నెలో పెరుగన్నం చేయించాను. పదిహేను మందికి సరిపోతుందిలే అనుకున్నాను. వడ్డన మొదలయ్యాక చూస్తే, పలావు తిన్నవాళ్లు కూడా చివర్లో "కొంచెం పెరుగన్నం పెట్టండి" అని పెట్టించుకున్నారు. ఎండపూట పెరుగన్నం ఎవరికి చేదు? పది నిమిషాల్లో చిన్న గిన్నె ఖాళీ. పలావు మాత్రం పావు వంతు మిగిలింది.

ఆ వరుస చివర్లో ఒక తాత ఉన్నాడు. అరవై ఐదేళ్లు దాటిన మనిషి, షుగర్ ఉంది. శ్రమకాలమని మాంసం మానుకున్నాడు. శిబిరంలో భోజనం పెడతారు కదా అని, పొద్దున షుగర్ మాత్ర మాత్రం వేసుకుని ఏమీ తినకుండా రెండు కిలోమీటర్లు నడిచి వచ్చాడు. ఆయన వంతు వచ్చేసరికి పెరుగన్నం లేదు. ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. పోయి చెట్టు కింద కూర్చున్నాడు. మూడు గంటలప్పుడు ఒక పిల్లవాడు పరిగెత్తుకొచ్చి "తాత పడిపోయినాడు" అన్నాడు. చొక్కా అంతా చెమటకు తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. వేలు గుచ్చి చూస్తే షుగర్ 48. దేవుని దయ, మింగగలిగే స్థితిలోనే ఉన్నాడు. నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాము. పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్ష చేసి, అరటిపండు, బ్రెడ్డు పెట్టాము. తేరుకున్నాక "ఎందుకు అడగలేదు తాతా?" అన్నాను. "ఇంతమందికి పెడుతుంటే నాకొక్కడికి వేరే కావాలంటే ఏం బాగుంటుంది లేమ్మా" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఏదైనా తినగలిగినవాళ్లు ఆ రోజు రెండు గిన్నెల్లోనూ తిన్నారు. ఒక్కటే తినగలిగిన మనిషికి ఆ ఒక్కటీ దక్కలేదు. ఎవరికి వేరే దారి లేదో వాళ్ల గిన్నెనే నేను చిన్నది చేశాను. మన విందుల్లో, పెళ్లిళ్లలో కూడా జరుగుతున్నది ఇదే. మీరు గమనించండి.

అప్పటి నుంచి మా శిబిరాల్లో పద్ధతి మార్చాము. పెద్ద గిన్నె అందరూ తినగలిగేదిగా ఉంటుంది. మాంసం, గుడ్డు, పాలు, పెరుగు, నెయ్యి ఏవీ అందులో పడవు. ఉప్పు, కారం కూడా తక్కువే. కావాలనుకున్నవాళ్లు కలుపుకునేవన్నీ పక్కన చిన్న గిన్నెల్లో పెడతాము. గిన్నెలో వేసినదాన్ని తీయలేము. వేయనిదాన్ని ఎవరి విస్తరిలో వాళ్లు వేసుకోవచ్చు. పద్ధతి అంతా ఇంతే.

పాలు, నెయ్యి కూడా ఎందుకు వద్దంటున్నావు సిస్టరమ్మా అని అడుగుతారు. మన పంక్తిలో ఎవరెవరు కూర్చుంటారో ఒకసారి తలుచుకోండి. శ్రమకాలంలో మాంసం మానినవాళ్లు ఉంటారు. పుట్టుకతోనే మాంసం, గుడ్డు ముట్టని ఇండ్లవాళ్లు ఉంటారు. ముస్లిం సోదరులకు మాంసం హలాల్ అయి ఉండాలి, అది ఎక్కడ కోయించారో తెలియకపోతే వాళ్లు మొహమాటపడి ఊరుకుంటారు. పాలు పడక, తాగితే కడుపు ఉబ్బి విరేచనాలయ్యేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు, వయసు పెరిగేకొద్దీ ఇది ఎక్కువ. గుండె జబ్బుకు డాక్టరు గారు నెయ్యి తగ్గించమన్నవాళ్లు ఉంటారు. బి.పి. ఉండి ఉప్పు తగ్గించమన్నవాళ్లు ఉంటారు. వీళ్లందరికీ వేరువేరుగా వండాలంటే ఆరు పొయ్యిలు కావాలి. వాళ్లకు పనికిరానివన్నీ గిన్నెలోంచి తీసేస్తే ఒకే పొయ్యి చాలు.

అయ్యప్ప మాల వేసినవాళ్ల సంగతి మాత్రం వేరు. వాళ్లలో చాలామంది నియమంతో వండిన చోట తప్ప తినరు. బలవంతం చేయకండి, తినలేదని నొచ్చుకోకండి. పండ్లు, కొబ్బరికాయ ఇవ్వండి, సంతోషంగా తీసుకుంటారు.

ఈ మధ్య పట్నాల్లో "వీగన్" అనే మాట వినబడుతోంది. మాంసం, గుడ్డుతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, తేనె కూడా మానినవాళ్లను అలా అంటారు. ఈ మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. మా ఓ.పి.కి వచ్చే ఒక అవ్వ మనవరాలు బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. ఆ పిల్ల పండగకు ఇంటికొచ్చి "అవ్వా, నేను వీగన్ అయ్యాను, మజ్జిగ కూడా వద్దు" అందట. ఇదేదో జబ్బు అనుకుని అవ్వ నా దగ్గరకు వచ్చింది. నేను వివరించి చెప్పాక ఆమె నవ్వి, "అంతేనా! మా చిన్నప్పుడు కరువొచ్చి మేత లేక ఎద్దులనూ ఆవులనూ సంతకు తోలేస్తే రెండేండ్లు మేం తిన్నది అదే కదమ్మా" అంది.

అవ్వ చెప్పింది నిజం. మన సీమలో పడే వానే తక్కువ, అదీ పడితే. ఈ నేల మీద నిలబడే పంటలు రాగి, జొన్న, సజ్జ, కొర్ర, ఉలవ, అలసంద, అనుము, కంది, వేరుశనగ. మన పాత వంటలన్నీ వీటితోనే. సంగటి, ఊరుబిండి, ఉలవకట్టు, పుంటికూర పప్పు, అలసంద గుగ్గిళ్లు, ఉగ్గాణి, చిత్రాన్నం, చలికాలంలో అనపగింజలతో చేసే పితికిపప్పు, వీటిలో దేనిలోనూ పాలచుక్క లేదు. నెయ్యి వేస్తే వేస్తాము, వేయకపోతే వేరుశనగ నూనె. పదిమందికి పెట్టడానికి కొత్త వంటలు నేర్చుకోనక్కరలేదు. ఉన్నవాటిని పెద్ద గిన్నెలోకి తెచ్చుకుంటే చాలు. వేరుశనగను ఇక మీదట మన మాటలోనే చెనిక్కాయ అంటాను.

విశ్వాసులుగా మనకు ఇంకొక మాట. పౌలు గారు రోమీయులకు రాసిన పత్రిక 14వ అధ్యాయం ఇంటికి వెళ్లాక చదవండి. అన్నీ తినేవాడు కూరగాయలే తినేవాడిని చులకన చేయకూడదని, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదని అక్కడ ఉంది. సంఘంలో భోజనం దగ్గర గొడవలు ఆ రోజుల్లోనూ ఉన్నాయన్నమాట. ఇథియోపియా దేశపు ఆర్థడాక్స్ క్రైస్తవులు ఉపవాస దినాల్లో మాంసం, గుడ్లు, పాలు, వెన్న అన్నీ మానేస్తారు. పులిసిన పిండితో చేసిన పెద్ద అట్టు మీద పప్పుకూరలు వడ్డించుకుని, ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తింటారు. మన సంగటి, పప్పు లాంటిదే అదీ.

ఇక వంటకు వద్దాం. మేము శిబిరంలో యాభై మందికి చేసే వంట చెబుతాను, కావాలంటే రాసుకోండి. రాగి సంగటి, ఆకుకూర పప్పు, ఉలవకట్టు, ఉలవ గుగ్గిళ్లు, చెనిక్కాయ చట్నీ. వినడానికి ఐదు వంటకాలు, పని మాత్రం నాలుగింటిది.

సంగటికి 2 కిలోల బియ్యం, నాలుగున్నర కిలోల రాగిపిండి. బియ్యం అరగంట నానబెట్టి, ఎసట్లో వేసి మెత్తగా ఉడకనివ్వాలి. నీళ్లు ధారాళంగా పోయండి. ఒక చెంబుడు వేడి నీళ్లు ముందే పక్కన తీసి పెట్టుకుంటే, గట్టిపడినప్పుడు పోసుకోవచ్చు. పిండిని కుప్పగా పోసి, కట్టెతో మధ్యలో గుంట చేసి, మూతపెట్టి, సన్న సెగ మీద పావుగంట వదిలేయండి. తొందరపడి గెలికితే ఉండలు కడుతుంది, లోపల పచ్చిపిండి ఉండిపోతుంది. పచ్చిపిండి సంగటి తిని కడుపునొప్పితో వచ్చినవాళ్లను నేను చూశాను. ఇంత పెద్ద గిన్నె గెలకడానికి ఇద్దరు కావాలి. ఈ పని మగవాళ్లకు అప్పగించండి, వెనక కూర్చున్న అన్నలు వింటున్నారు కదా. ముద్దలు చేసేటప్పుడు చెయ్యి నెయ్యితో కాదు, చన్నీళ్లతో తడుపుకోండి. ముద్దలు మన పిడికిలి అంతే ఉండాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఉలవలు కిలోన్నర. ముందు రాత్రే ఏరి, కడిగి, నానబెట్టాలి. మర్నాడు పొద్దున నిండా నీళ్లు పోసి, గింజ నలిగేదాకా ఉడికించి, ఆ నీళ్లు వంచుకోండి. అదే కట్టు. రెండు గుప్పిళ్ల ఉడికిన ఉలవలు మెత్తగా రుబ్బి అందులో కలిపితే చిక్కబడుతుంది. చింతపండు పులుసు, పసుపు, కొంచెం బెల్లం, కరివేపాకు వేసి మరగనిచ్చి, చెనిక్కాయ నూనెతో తిరగవాత పెట్టండి. విజయవాడ వైపు హోటళ్లలో ఉలవచారు మీద మీగడ వేసి ఇస్తారు. మన కట్టుకు అది అవసరం లేదు. మిగిలిన ఉలవలకు ఎండుమిరప, ఆవాలు, కొబ్బరి తురుముతో తిరగవాత వేస్తే గుగ్గిళ్లు. ఒక్క గింజ వృథా కాకుండా రెండు వంటకాలు.

పప్పుకు 2 కిలోల కందిబేడలు, 4 కిలోల ఆకు. తోటకూర, పాలకూర, మునగాకు, ఏది దొరికితే అది. పుంటికూర వేస్తే చింతపండు తగ్గించండి. ఎర్రగడ్డ, తెల్లగడ్డ తిననివాళ్లు ఉంటారు కాబట్టి గిన్నెలో వేయకండి. ఎర్రగడ్డ ముక్కలు, నిమ్మకాయ చెక్కలు పళ్లెంలో పక్కన పెడితే కావలసినవాళ్లు తీసుకుంటారు. ఇంగువ వేసిన తిరగవాతకు వాసన చాలు.

చట్నీకి కిలోంబావు చెనిక్కాయ గింజలు. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. మన ఇండ్లలో మంచి గింజ అమ్ముకుని, ముడుచుకుపోయినదీ నల్లబడినదీ ఇంటికి ఉంచుకునే అలవాటు ఉంది. బూజు పట్టిన చెనిక్కాయలో అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది లివరును దెబ్బతీస్తుంది. వేయించినా, ఉడికించినా పూర్తిగా పోదు. రంగు మారినవి, ముడుచుకున్నవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయండి. పశువులకు కూడా పెట్టకండి. మంచి గింజలు దోరగా వేయించి, ఎండుమిరప, చింతపండు, ఉప్పు వేసి, కాచి చల్లార్చిన నీళ్లతో రుబ్బండి. చట్నీ ఎప్పుడూ వేరే గిన్నెలోనే ఉండాలి, పప్పులోనో పులుసులోనో కలపకూడదు. చెనిక్కాయ పడక ఒళ్లంతా దద్దుర్లు వచ్చే మనిషి అరుదే, కానీ ఆ ఒక్కరు మన పంక్తిలోనే ఉండవచ్చు. చెనిక్కాయ తిన్న వెంటనే పెదవులు వాచి, ఊపిరి ఆడకపోతే ఇంటి మందులు చూడకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మనకు తెలియకుండా పాలు, నెయ్యి వచ్చి చేరే చోట్లు కొన్ని ఉన్నాయి. అలవాటు కొద్దీ తిరగవాతలో నెయ్యి చెంచా పడుతుంది. బజ్జీల పిండిలో పెరుగు పడుతుంది. బిస్కెట్లలో పాలపొడి ఉంటుంది. ప్యాకెట్టు మీద ఆకుపచ్చ చుక్క ఉంటే మాంసం, గుడ్డు లేవని అర్థం, పాలు లేవని కాదు. పాలు కూడా లేని వాటికి ప్రభుత్వం 2022లో వేరే గుర్తు పెట్టింది కానీ మన అంగళ్లలో అది ఇంకా అరుదు. నెయ్యి మానామని డాల్డా మాత్రం వాడకండి. గానుగ నూనె ఉండగా మనకెందుకది?

పాలు, మాంసం లేని భోజనంలో బలం ఉంటుందా అని అందరూ అడుగుతారు. నిజం చెబుతాను, ఉన్నదీ లేనిదీ రెండూ.

నూరు గ్రాముల చెనిక్కాయ గింజల్లో దాదాపు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఉలవల్లో, కందిబేడల్లో దాదాపు 22 గ్రాములు. నూరు గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, అంతే ఆవుపాలలో ఉండేది 120 మిల్లీగ్రాములు. రాగిలో తక్కువైనది పప్పులో దొరుకుతుంది, పప్పులో తక్కువైనది రాగిలో దొరుకుతుంది. అందుకే రెండూ ఒకే విస్తరిలో ఉండాలి. వట్టి సంగటి, వట్టి కారం తిని "రాగులు తిన్నా బలం రాలేదు" అంటే అది రాగుల తప్పు కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు బలహీనంగా ఉన్న పిల్లల కోసం "హైదరాబాద్ మిక్స్" అని ఒక పిండి తయారుచేశారు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగలు 16, చెనిక్కాయలు 10, బెల్లం 20. ఇంత చిన్న కొలతలో దాదాపు 330 కేలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు. అందులో పాలు లేవు. ఇంట్లో ఏ అమ్మయినా చేసుకోవచ్చు. పెద్ద పంక్తిలో చిన్నపిల్లలకు మేము దీన్నే నీళ్లతో జావగా కాచి పెడతాము. ఐదేళ్లలోపు పిల్లల చేతికి చెనిక్కాయ గింజలు మాత్రం ఇవ్వకండి, గొంతులో అడ్డుపడతాయి. పొడి చేసే పెట్టాలి.

ఇనుము సంగతి. 2019-21లో దేశమంతటా జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే ఈ హాలులో మీ పక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరికి తప్పక ఉన్నట్టే. ఆకులో, ఉలవలో ఉన్న ఇనుము మాంసంలోని ఇనుములాగా సులభంగా ఒంటికి పట్టదు. నిమ్మరసం తోడైతే పడుతుంది. పళ్లెంలో నిమ్మచెక్కలు పెట్టమన్నది రుచికే కాదు. నానబెట్టడం, మొలకెత్తించడం కూడా సాయపడతాయి. భోజనం అవగానే టీ తాగితే మాత్రం చాలావరకు వృథా. ఒక గంట ఆగండి. మన శిబిరాల్లో భోజనం తర్వాత టీ ఇచ్చేవాళ్లం, ఇప్పుడు మానేశాము. మొదట్లో నన్ను తిట్టుకున్నారు, ముఖ్యంగా మా డ్రైవరు. గర్భిణీలు ఆకుకూర తింటున్నామని ఐరన్ మాత్ర మానకూడదు. 180 రోజుల మాత్ర 180 రోజులూ వేసుకోవాల్సిందే.

ఇక లేనిది. బి12 విటమిన్ ఏ గింజలోనూ, ఏ ఆకులోనూ లేదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసంలోనే ఉంటుంది. ఒక పూట విందులోనో, శ్రమకాలం నలభై రోజులో వీటిని మానితే ఆరోగ్యవంతులకు నష్టం లేదు, ఒంట్లో నిల్వ ఉంటుంది. ఏళ్ల తరబడి మానినవాళ్లకే చిక్కు. నీరసం, నాలుక మంట, అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు వస్తాయి. చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ మాత్ర వాడే షుగర్ రోగులకూ బి12 తగ్గే అవకాశం ఉంది. అవ్వ మనవరాలిలాగా మీ పిల్లలెవరైనా పాలు పూర్తిగా మానితే పోట్లాడకండి, డాక్టరు గారికి చూపించి బి12 మాత్రలు వాడించండి. అలాగే, పెద్ద గిన్నెలో గుడ్డు వేయవద్దన్నాను కాబట్టి గర్భిణీకి, బాలింతకు, పిల్లలకు గుడ్డు మానిపించండి అని నేను చెప్పినట్టు కాదు. ఉడికించిన గుడ్లు పక్క గిన్నెలో ఉంటాయి. తినేవాళ్లకు అడిగి మరీ పెట్టండి.

షుగర్ ఉన్నవాళ్లు బాగా వినండి. రాగులు తింటే షుగర్ పెరగదు అనేది అబద్ధం. బియ్యం కన్నా పీచు ఎక్కువ, అంతే. రాగిజావ పల్చగా కాచి తాగితే షుగర్ గబుక్కున పెరుగుతుంది. ముద్ద పిడికిలి అంతే అన్నది అందుకే. ఒక ముద్ద, దానికి రెండింతలు పప్పు, గుగ్గిళ్లు, ఆకుకూర. ఇంకా ఆకలైతే గుగ్గిళ్లే పెట్టించుకోండి. మాత్ర వేసుకున్నా, ఇన్సులిన్ తీసుకున్నా ఖాళీ కడుపుతో ఎక్కడికీ బయలుదేరకండి. జేబులోనో కొంగులోనో నాలుగు చక్కెర పలుకులు ఉంచుకోండి. వడ్డించేవాళ్లు షుగర్ ఉన్నవాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి. చెమటలు పట్టి వణుకుతుంటే చక్కెర నీళ్లు తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ వంట సరిపడకపోవచ్చు. వాళ్ల ఆహారం డాక్టరు గారు చెప్పిన ప్రకారమే ఉండాలి.

వడ్డన దగ్గర రెండు మాటలు. మాంసం చేస్తే చేయండి, నేను వద్దనను. కానీ ఆ గిన్నె వరుస చివర్లో ఉండాలి, ఆ గరిటె ఆ గిన్నెలోనే ఉండాలి, వడ్డించే మనిషి వేరుగా ఉండాలి. చికెన్ గరిటె ఒక్కసారి పప్పులో పడితే సగం పంక్తి లేచిపోతుంది, కొందరు లేవలేక వట్టి ముద్ద తింటారు. "మీరు నాన్‌వెజ్జా, వెజ్జా" అని పదిమందిలో అడగవద్దు. పెద్ద గిన్నె అందరికీ ఒకటే కాబట్టి అడిగే అవసరమే రాదు. మన ఎండలకు వండిన రెండు గంటల్లో వడ్డన అయిపోవాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో వంటకు కూడా మంచినీళ్లే వాడండి. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు.

గతసారి ఈ మాటలు చెప్పినప్పుడు ఒక అక్క లేచి "చికెన్ లేకుంటే విందంటారా సిస్టరమ్మా?" అని అడిగింది. చికెన్ ఉంటుందక్కా, చిన్న గిన్నెలో ఉంటుంది. ఖర్చు కూడా సగానికి తగ్గుతుంది. మిగిలిన డబ్బుతో మేము పండ్లు తెప్పిస్తున్నాము. ఇంకొకామె "మజ్జిగ లేకుండా అంబలి తాగేదెట్లా?" అంది. రాగిపిండి రాత్రే నీళ్లలో కలిపి పులవనిచ్చి, పొద్దున కాచి, చల్లారాక ఉప్పు, జీలకర్ర, నిమ్మరసం కలిపి చూడండి. మజ్జిగ చెంబు పక్కన ఉంటుంది, కావాలంటే పోసుకోండి. ఆమె అలా తాగి చూసి, చెంబు ముట్టలేదు.

ఆ తాత మరుసటి సంవత్సరం అదే ఊళ్లో శిబిరానికి వచ్చాడు. పొద్దున రెండు జొన్నరొట్టెలు తిని వచ్చానని తానే ముందు చెప్పాడు. ఈసారి మొదటి వరుసలో కూర్చోబెట్టాము. సంగటి ముద్ద, పుంటికూర పప్పు, ఉలవకట్టు. కట్టు రెండుసార్లు పోయించుకున్నాడు. "ఇంకో ముద్ద పెట్టమ్మా" అన్నాడు. "పప్పు ఎంతైనా పెడతాను తాతా, ముద్ద మాత్రం ఒకటే" అన్నాను. "పోయినసారి ఏమీ పెట్టకపోతివి, ఈసారి కొలిచి పెడుతుంటివి" అని పంక్తి అంతా వినేలా అన్నాడు. అందరూ నవ్వారు. సగం ముద్ద పెట్టి, గుగ్గిళ్లు గరిటెడు వేశాను.